కుర్దుల ఊళ్ళలో పాఠాలు చెప్పుకుంటూ ఉండటం – రోజువారీ చిన్న చిన్న సంతోషాలు, మీవి కూడా రాయండి

స్లేమానీ_మాస్టారు:
అందరికీ నమస్కారం. గల్ఫ్ మీద ఇక్కడ బోలెడు థ్రెడ్లు ఉన్నాయి, వీసాలు, జీతాలు, ఏజెంట్ల మోసాలు అన్నీ ఉన్నాయి గానీ ఇరాక్ ఉత్తర భాగంలోని కుర్దిస్తాన్‌లో పాఠాలు చెప్పుకుంటున్న మనవాళ్ళ గురించి ఒక్కటీ కనపడలేదు. నేను సులేమానియాలో ఒక ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను, ఊళ్ళోవాళ్ళు స్లేమానీ అంటారు. మాది రాజమండ్రి దగ్గర. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చుట్టాలు అడిగేది ఒకటే, అక్కడ గొడవలేమీ లేవు కదా అని. వాళ్ళ భయం వాళ్ళది, తప్పు పట్టను. కానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నాకు ఇక్కడ ఏం జరుగుతుందో ఎవరూ అడగరు, అదే రాయాలనిపించింది.

పొద్దున్న ఏడింటికి బేకరీతో మొదలు. తందూర్‌లోంచి తీసిన నాన్‌ని తీగల బల్ల మీద పడేస్తాడు, పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఇంటికి వచ్చేలోపే సగం తినేస్తాం, ఇక్కడ అందరూ అంతే, రోడ్డు మీద తుంచుకుని తింటూ నడవటం ఎవరికీ వింత కాదు. చిల్లర లేకపోతే "ఖాబిలీ నియా మామోస్తా" అంటాడు, అంటే పర్లేదు మాస్టారూ, అదేమంత విషయం కాదు అని, మామోస్తా అంటే మాస్టారు. ఇక్కడ చలామణిలో ఉన్న అతి చిన్న నోటు 250 దినార్లు, దానికోసం మాస్టారిని నిలబెట్టటం వాళ్ళకి మర్యాద కాదు. మర్నాడు ఇస్తే తీసుకుంటాడు, నవ్వుతాడు.

స్కూల్ గేట్ దగ్గర వాచ్‌మన్ కాకా అప్పటికే టీ పెట్టి ఉంటాడు. ఇస్తికాన్ అని నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, కింద సాసర్, అడుగున పంచదార కరగకుండా తెల్లగా కనపడుతూ ఉంటుంది. వద్దంటే వినడు. నాకు మొదటి పీరియడ్ ఉందని చెప్పినా వినడు, టీ తాగనిదే పాఠం ఏం చెప్తావు అని. ఆ రెండు నిమిషాలు ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదురుగా గోయ్జా కొండ మీద ఎండ దిగటం చూస్తూ తాగే టీ నాకు ఈ ఊరిచ్చిన మొదటి సంతోషం. ఇక మీరు రాయండి, పెద్ద విషయాలు అక్కర్లేదు, టీ గ్లాసంత విషయమైనా చాలు.

జగిత్యాల_అన్న:
నేను టీచర్ని కాదన్నా, హౌలేర్ల హోటల్ల పని చేసిన, అదే ఎర్బిల్. మా జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి ఇరాక్ పోయినోళ్ళు మస్తు మంది ఉన్నరు, ఏజెంట్‌ని నమ్మి కాగితాల్లేక ఆగమైనోళ్ళు కూడ ఉన్నరు, ఆ బాధ వేరే థ్రెడ్ల రాసిన, ఇక్కడ రాయ. కానీ నువ్వు అడిగిన చిన్న సంతోషం అంటే నాకు యాదికొచ్చేది డ్యూటీ అయినంక ఖలా కింద కూసునుడు. ఖలా అంటే ఊరి నడిమిట్ల గుట్ట మీదున్న పాత కోట, 2014ల యునెస్కోల ఎక్కింది. కింద ఫౌంటెన్‌లు, పక్కన ఖైసరీ బజారు, చాయ్‌ఖానాలు. ముసలోళ్ళు కాళ్ళ మీద కాలేసుకొని తస్బీ తిప్పుకుంట కూసుంటరు. మనం పోయి నిలబడితే సాలు, జరిగి జాగ ఇస్తరు. యాడికెళ్ళి అంటే హిందిస్తాన్ అంటం, గంతే, అమితాబ్ బచ్చన్ పేరు బయటికొస్తది. ఆ పేరు మీద నేను ఎన్ని చాయ్‌లు తాగిన్నో లెక్క లేదు.

ఇంకోటి, రిసెప్షన్ల పనిచేసే పోరగాళ్ళకి హిందీ నేర్పిన. ఇండియాకి ఆపరేషన్లకి పోయేటోళ్ళు మస్తు మంది ఉంటరు గదా ఆడికెళ్ళి, ఢిల్లీ హైదరాబాద్ దవాఖానలకి, వాళ్ళింట్ల ఎవరో పోతున్నరని నేర్పుమన్నరు. దర్ద్ కహా హై, దవా కబ్ లేనా హై, గిట్ల. రాత్రి కిచెన్ బందైనంక స్టీల్ టేబుల్ మీద కూసొని నేర్పేటోన్ని. ఆ దినం నుంచి వంటాయన నన్ను పేరుతోని పిలుసుడు బంద్ జేసి మామోస్తా అన్నడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే సంతోషంతోని.

వేణి_దుహోక్:
జగిత్యాల అన్నా, చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను దుహోక్‌లో సైన్స్ చెప్పాను, ఇప్పుడు వైజాగ్ వచ్చేశా. దుహోక్ వైపు మాట్లాడే కుర్దీ బాదీనీ, అంటే కుర్మాంజీ అనే మాండలికంలోది, స్లేమానీ హౌలేర్‌ల సొరానీ మాండలికం వేరు. నా కొలీగ్స్ స్లేమానీ వెళ్తే వాళ్ళకే సగం అర్థమయ్యేది కాదంట, ఇక నేనెంత.

నా సంతోషం నెర్గిజ్ పూలు. చలికాలంలో జనవరి ఫిబ్రవరిల్లో సిగ్నళ్ళ దగ్గర పిల్లలు కట్టలు కట్టలు అమ్ముతారు, తెల్ల రేకులు మధ్యలో పసుపు గిన్నె, కారు అద్దం దించితే వాసన లోపలికి వచ్చేస్తుంది. ఇక్కడ అందరూ వాటిని గ్లాసులో నీళ్ళు పోసి పెట్టుకుంటారు. నేను నాలుగు తుంచి జడలో పెట్టుకుని క్లాసుకి వెళ్ళా, పాఠం ఆగిపోయింది. ఆడపిల్లలందరూ లేచి నా వెనక్కి వచ్చి ఎలా పెట్టావు మామోస్తా, పిన్నుతోనా, పడిపోదా అని. ఆ వారం మొత్తం మా క్లాసులో పదిహేనేళ్ళ పిల్లలందరూ జడల్లో నెర్గిజ్‌లతో తిరిగారు. ప్రిన్సిపల్ మేడమ్ కూడా ఒకరోజు చెవి పైన ఒక పువ్వు గుచ్చుకుని వచ్చారు.

మా క్లాసులో యజీదీ పిల్లలు కూడా ఉండేవాళ్ళు, యజీదీ అంటే ఇక్కడి ఒక చిన్న మతం, 2014లో ఐసిస్ దాడి చేస్తే షింగాల్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలు, కొందరు అప్పటికీ క్యాంపుల్లోనే. వాళ్ళలో ఒక అమ్మాయి వాళ్ళమ్మ నన్ను లాలిష్ తీసుకెళ్ళింది, వాళ్ళకి అన్నిటికంటే పవిత్రమైన గుడి. ఊళ్ళోకి అడుగు పెట్టేముందే చెప్పులు విప్పేయాలి, గడప తొక్కకూడదు, దాటి వెళ్ళాలి. ఆవిడ నాకు చెప్పబోతోంది, నేను చెప్పకుండానే గడప దాటేశా, చిన్నప్పట్నుంచీ మా అమ్మమ్మ నేర్పిందే కదా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయింది. లోపల రంగురంగుల పట్టు గుడ్డలకి ముడులు ఉంటాయి, ముందు వేరేవాళ్ళ ముడి ఒకటి విప్పాలి, అంటే వాళ్ళ కోరిక తీరాలని, తర్వాత మన కోరిక అనుకుని ముడి వేయాలి. సాయంత్రం ఆలివ్ నూనెలో ముంచిన వత్తులు వెలిగిస్తారు. ఇంటికొచ్చాక కూడా చేతులకి ఆ నూనె వాసన.

లక్ష్మి_హౌలేర్:
నేను కొంచెం వేరేగా రాస్తా, ఏమనుకోకండి. నేను హౌలేర్‌లో ప్రైమరీ పిల్లలకి చెప్తా, మా ఆయన ఇక్కడే కన్‌స్ట్రక్షన్ కంపెనీలో. అందరూ ఆతిథ్యం ఆతిథ్యం అంటున్నారు, నిజమే, కానీ ఒక్కోసారి ఊపిరాడదు. పెళ్ళయి ఎన్నేళ్ళయింది, పిల్లలెందుకు లేరు, డాక్టర్‌కి చూపించుకున్నావా, మా చుట్టాల డాక్టర్ ఉంది రా పోదాం. కొత్తగా పరిచయమైన ఆవిడ అడుగుతుంది ఇవన్నీ. శుక్రవారం ఒక్కరోజు ఇంట్లో పడుకుందాం అనుకుంటే పక్కింటావిడ తలుపు కొట్టి యాప్రాఖ్ గిన్నె పట్టుకొచ్చేది, ఖాళీ గిన్నె తిరిగిస్తే బాగోదు, దాంట్లో నేనేదో పెట్టి ఇవ్వాలి, మళ్ళీ ఆవిడ ఏదో పెట్టి ఇస్తుంది, ఇక ఆ గిన్నెకి విశ్రాంతి లేదు. ఒంటరిగా ఉండటం కూడా సుఖమే కదండీ, అది ఇక్కడ దొరకదు.

స్లేమానీ_మాస్టారు:
లక్ష్మి గారూ, మీరు రాసింది మంచిదే, అందరం ఒకే పాట పాడితే ఇది థ్రెడ్ కాదు. పెళ్ళి పిల్లల ప్రశ్నలు నన్నూ అడుగుతారు, మగవాణ్ణి కాబట్టి నాకు తగిలే దెబ్బ తక్కువ, ఒప్పుకుంటా. కానీ ఒంటరితనం మాటకొస్తే నేను మీతో ఏకీభవించను. ఇక్కడికి రాకముందు నేను వేరే దేశంలో పనిచేశా, పేరు వద్దు, అక్కడ అపార్ట్‌మెంట్లో ఎదురింట్లో ఎవరున్నారో నేను అక్కణ్ణుంచి వచ్చేసేదాకా తెలీదు, జ్వరమొస్తే నీళ్ళిచ్చే మనిషి లేడు. ఇక్కడ నాకు జలుబు చేసి స్కూల్‌కి వెళ్ళకపోతే సాయంత్రానికి నిస్క్ సూప్ వచ్చేసింది, అదే పప్పు చారు, దానితో పాటు ఒక స్టూడెంట్ వాళ్ళ నాన్న, తమ్ముడు, బాబాయ్. వాళ్ళకి నా రోగంతో పనిలేదు, మనిషి ఒక్కడే కూర్చుని తినటం చూడలేరు, అంతే. ఇక్కడి జనం చూసినవి చూశారు కదా, 1991లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి వానలో మంచులో కొండలెక్కి ఇరాన్, టర్కీ సరిహద్దులకి నడిచారు, మా సీనియర్ టీచర్ ఒకాయన అప్పుడు చిన్నపిల్లాడట, దారిలో ఎవరో ముక్కూ మొహం తెలీని వాళ్ళు సగం రొట్టె పెట్టారని ఇప్పటికీ చెప్తాడు. పక్కవాడికి పెట్టకుండా తినటం వాళ్ళకి చేతకాకపోవటం వెనక అది కూడా ఉందని నా నమ్మకం.

లక్ష్మి_హౌలేర్:
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ తలుపు కొట్టేముందు ఒక ఫోన్ చేయొచ్చు కదా అని మాత్రం నేను అంటూనే ఉంటా 🙂

కొత్తగా_వెళ్తున్నా:
అందరికీ హలో, చదువుతుంటే మనసు నిండిపోయింది. నాకు హౌలేర్‌లో ఒక స్కూల్ నుంచి మ్యాథ్స్ టీచర్ ఆఫర్ వచ్చింది, నేనూ మా ఆవిడా వెళ్ళాలనుకుంటున్నాం, మాది విజయవాడ. మేం ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇక్కడ అందరూ తిండి గురించే రాస్తున్నారు, భయమేస్తోంది, బతకగలమా?

వేణి_దుహోక్:
బతుకుతారు, హాయిగా బతుకుతారు, నేనూ వెజ్జే. కానీ కొన్ని తెలుసుకోవాలి తమ్ముడూ. యాప్రాఖ్ అంటే ద్రాక్షాకుల్లో, ఉల్లిపొరల్లో, వంకాయల్లో బియ్యం కూరి చేసే దోల్మా, చూడ్డానికి వెజ్ లాగే ఉంటుంది, గిన్నె అడుగున మాత్రం మాంసం ఎముకలు పేరుస్తారు. అన్నం కూడా చాలా ఇళ్ళల్లో మాంసం ఉడికించిన నీళ్ళతో వండుతారు. బెండకాయ పులుసు ఉంటుంది, బామ్యా అంటారు, దాంట్లోనూ ముక్కలు వేస్తారు. కాబట్టి ముందే చెప్పండి, "గోష్త్ నా" అంటే అందరికీ తెలుస్తుంది. ఒక్కసారి చెప్తే చాలు, ఇక మీరు రాకముందే మీకు వేరే గిన్నె పెడతారు. మా వాచ్‌మన్ భార్య నాకోసం విడిగా చేసి దాని మీద పుదీనా రెమ్మ పెట్టేది గుర్తుకి, అదెవరూ ముట్టుకోకూడదని పిల్లలకి కూడా చెప్పేది.

ఇక మిగతావి చూడండి. పెరుగు ఎంత బావుంటుందో చెప్పలేను, మాస్తావ్ అని ఉప్పు వేసిన మజ్జిగ, చలికాలంలో బండి మీద ఉడకబెట్టిన శనగలు, బీట్‌రూట్ రంగు ఎక్కిన టర్నిప్‌లు, శనగల కప్పులో పుల్లటి నారింజ పిండి ఇస్తాడు, ఫలాఫిల్ వీధి వీధినా, నిస్క్ సూప్, తేనె, వాల్‌నట్లు, అత్తి పళ్ళు. వసంతంలో కొండ మీద కోసిన రేవాస్ అని పుల్లటి కాడలు ఉప్పు అద్దుకుని తింటారు, మన ఆడవాళ్ళు చింతకాయ తిన్నట్టే కళ్ళు మూసుకుని తింటారు. స్లేమానీ వెళ్తే బజార్లో ఎండు ద్రాక్ష షర్బత్ తాగండి తప్పకుండా.

కొత్తగా_వెళ్తున్నా:
థాంక్యూ అక్కా. మా ఆవిడకి చదివి వినిపించా, పుదీనా రెమ్మ దగ్గర ఆగి ఇంకోసారి చదవమంది.

ఆమెద్_డైరీ:
నాది ఇరాక్ వైపు కాదు, టర్కీ వైపు. దియార్‌బకిర్‌లో, కుర్దులు ఆమెద్ అంటారు, ఒక లాంగ్వేజ్ కోర్స్‌లో కొన్నాళ్ళు ఇంగ్లీష్ చెప్పా. నల్లరాతి కోటగోడ ఊరి చుట్టూ, దాని కింద టైగ్రిస్ ఒడ్డున హెవ్సెల్ తోటలు, రెండూ కలిపి 2015లో యునెస్కో జాబితాలోకి వెళ్ళాయి. ఆదివారం హసన్ పాషా హానీలో టిఫిన్, పాత సత్రం అది, బల్ల మీద చిన్న చిన్న గిన్నెలు పెడుతూనే ఉంటారు, జున్ను, ఆలివ్‌లు, తేనె మీగడ, జామ్‌లు, టొమాటో, బల్ల మీద చోటు అయిపోయాక గిన్నె మీద గిన్నె. తర్వాత మెనెన్‌గిచ్ కాఫీ, అడవి పిస్తాతో చేస్తారు, కాఫీ గింజలు ఉండవు.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు దెంగ్‌బేజ్‌ల ఇల్లు. పెద్దవాళ్ళు గోడ వారగా కూర్చుని వాయిద్యం ఏదీ లేకుండా గొంతుతోనే కథ పాడతారు, ప్రేమ కథలు, యుద్ధాలు, వలసలు. మన ఒగ్గు కథ చెప్పేవాళ్ళ గొంతులో ఉండే బరువు ఉంటుంది దాంట్లో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, పక్కన కూర్చున్న ముసలాయన మధ్య మధ్యలో టర్కిష్‌లో చెవిలో చెప్పేవాడు, ఇప్పుడు అమ్మాయి చనిపోయింది, ఇప్పుడు అన్న కొండెక్కాడు అని. టర్కీలో 1991 దాకా కుర్దీ భాష బహిరంగంగా వాడకూడదని చట్టమే ఉండేది. 2012 తర్వాత బడిలో ఎలక్టివ్‌గా తీసుకోవచ్చు. నా స్టూడెంట్స్‌లో చాలామందికి కుర్దీ మాట్లాడటం వచ్చు, రాయటం రాదు, అది వాళ్ళకి కడుపులో దిగులు. బ్రేక్‌లో బోర్డు మీద వాళ్ళే ఒకరికొకరు నేర్పుకునేవాళ్ళు, నన్నూ పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. టీచర్‌గా బెంచీ మీద స్టూడెంట్స్ మధ్య కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్న ఆ పావుగంటలు నాకు జీతం కంటే ఎక్కువ.

నాష్‌విల్_శ్రీ:
అమెరికా నుంచి ఒక మాట. మా నాష్‌విల్‌లో అమెరికాలోకెల్లా ఎక్కువమంది కుర్దులు ఉంటారు, నోలెన్స్‌విల్ పైక్ మీద ఒక ఏరియాని లిటిల్ కుర్దిస్తాన్ అనే పిలుస్తారు. నేను ఐటీ, శనివారాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీష్, సిటిజన్‌షిప్ పరీక్షకి ప్రిపరేషన్ చెప్తా. నా క్లాసులో అరవై దాటిన ఒక అమ్మ ఉంది, సద్దాం టైమ్‌లో వచ్చేసింది. ఆవిడకి కుర్దీ చదవటం కూడా రాదు, ఊళ్ళో బడి లేదంట. పెన్సిల్ పట్టుకుని మొదటిసారి తన పేరు ఇంగ్లీష్‌లో రాసుకుని ఆ పేజీ చింపి బ్యాగ్‌లో పెట్టుకుంది, మనవరాలికి చూపిస్తా అని. తర్వాతి శనివారం ఇంట్లో చేసిన నాన్ తెచ్చింది, గుడ్డలో చుట్టి, ఇంకా వేడిగా. క్లాసంతా తిన్నాం, టేబుళ్ళ మీద పిండి రాలి లైబ్రరీ వాళ్ళు ఏమంటారో అని నేను తుడుస్తుంటే ఆవిడ నా చేతిలో గుడ్డ లాక్కుని "యూ టీచర్, సిట్" అంది. ఆవిడ సొంతంగా కట్టిన మొదటి ఇంగ్లీష్ వాక్యం అది.

జగిత్యాల_అన్న:
నాష్‌విల్ అన్నా సూపర్ 👏 వాళ్ళు యాడ ఉన్నా గంతే.

మాస్టారూ, చాయ్ ముచ్చట ఒక్కటి ఒప్పుకోను, చాయ్ హౌలేర్‌దే. మచ్‌కో చాయ్‌ఖానాల తాగినవా, కోట గోడకి ఆనుకునే ఉంటది.

స్లేమానీ_మాస్టారు:
తాగాను అన్నా, బావుంది. కానీ మా దగ్గర షాబ్ చాయ్‌ఖానా ఉంది బజార్లో, గోడల నిండా కవులు, పేష్‌మెర్గాల (కుర్దు సైనికులు) ఫొటోలు, డొమినో పలకలు బల్ల మీద టపటపా కొడుతుంటారు, పక్క బల్ల మీద ఎవరో కవిత చదువుతుంటారు. స్లేమానీకి 2019లో యునెస్కో సాహిత్య నగరం అని గుర్తింపు ఇచ్చింది, ఊరికే ఇవ్వలేదు. షేర్కో బేకస్ అనే పెద్ద కవి 2013లో పోతే ఆజాదీ పార్క్‌లో సమాధి చేశారు, సాయంత్రం పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటూ ఉంటారు. నా స్టూడెంట్స్ పన్నెండో క్లాస్ మినిస్ట్రీ పరీక్షల భయంతో చచ్చిపోతూ కూడా కవిత్వం నోటికి చెప్తారు. ఒక అబ్బాయి, ఇంగ్లీష్ గ్రామర్ అంటే పారిపోతాడు, వాడితో నేనొక ఒప్పందం చేసుకున్నా, వారానికి ఒక కుర్దీ కవిత నాకు ఇంగ్లీష్‌లో చెప్పాలి, ఎన్ని తప్పులైనా సరే. వాడు ఇప్పుడు మాటలు వెతుక్కుంటూ డిక్షనరీ అడుగుతున్నాడు. టీ ఎవరిదైనా సరే అన్నా, ఆ పిల్లాడు డిక్షనరీ అడగటం నాకు కావాలి.

గురువారం సాయంత్రం కూడా చెప్పాలి. ఇక్కడ ఆదివారం నుంచి గురువారం దాకా స్కూల్, శుక్ర శని సెలవు. గురువారం ఆఖరి గంట కొట్టగానే ఊరు ఊరంతా గోయ్జా ఎక్కుతుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది, పక్కన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కార్లు ఆపి తివాచీ పరిచేస్తారు, ఫ్లాస్కులు, సమోవర్లు, పొద్దుతిరుగుడు గింజలు, పుచ్చకాయ. కింద ఊరి దీపాలన్నీ వెలుగుతాయి. తెలీని కుటుంబం పక్క నుంచి నడుస్తున్నా "ఫర్మూ" అని పిలుస్తారు, రండి కూర్చోండి అని. మాటవరసకి పిలిచేవాళ్ళూ ఉంటారు, నిజంగా పిలిచేవాళ్ళూ ఉంటారు. తేడా తెలుసుకోవటం సులువు, మూడోసారి కూడా పిలిస్తే కూర్చోవచ్చు.

వేణి_దుహోక్:
నౌరోజ్ గురించి, అదే కుర్దుల కొత్త సంవత్సరం పండగ గురించి, ఎవరూ రాయలేదేంటి!! మార్చి 20 సాయంత్రం అక్రేలో, మా దుహోక్ వైపే, వందల మంది కాగడాలు పట్టుకుని కొండెక్కుతారు. కిందనుంచి చూస్తే కొండ మీద నిప్పు గీత పాకుతూ పోతుంది. జహాక్ అనే దుర్మార్గుడైన రాజుని కమ్మరి కావా చంపి కొండ మీద మంట వేశాడని కథ. మర్నాడు సైరాన్, అంటే ఊరంతా పొలాలకీ కొండలకీ పిక్నిక్. నాకు ఒక స్టూడెంట్ వాళ్ళక్క తన జిలీ కుర్దీ కట్టింది, మెరుపుల గౌను, పొడుగు చేతులు వెనక్కి ముడి వేసుకోవాలి, నడవటం రాలేదు మొదట్లో, కానీ హల్పర్కే డాన్సులో చెయ్యి చెయ్యి పట్టుకుని వరసలో నిలబడితే పక్కవాళ్ళే నడిపించేస్తారు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, భుజాలు కదపాలి. ముందు నిలబడ్డవాడు రుమాలు తిప్పుతాడు.

స్లేమానీ_మాస్టారు:
మా ఊళ్ళో నౌరోజ్ మంట మళ్ళీ వెలిగించింది పీరమేర్ద్ అనే కవి, ఆయన సమాధి మామయారా గుట్ట మీద ఉంది, ఇప్పటికీ మంట అక్కడ వేస్తారు.

మార్చి ఇక్కడ విచిత్రమైన నెల. 16న హలబ్జా. 1988లో ఆ రోజు సద్దాం విమానాలు విషవాయువు వేస్తే ఒక్క ఊళ్ళోనే దాదాపు 5,000 మంది పోయారు. ఆ రోజు క్లాసులో ఎవరూ మాట్లాడరు, అయిదు రోజులకే మంటలు, డాన్సులు. మా పిల్లలతో అమ్నా సురకా మ్యూజియంకి వెళ్ళాను ఒకసారి, అది ఒకప్పుడు సద్దాం బాత్ పార్టీ పోలీసుల జైలు, లోపలికి వెళ్ళగానే ఒక నడవా గోడల నిండా అద్దం ముక్కలు, 1,82,000, అన్ఫాల్‌లో, అంటే సద్దాం కుర్దుల మీద చేయించిన ఊచకోతలో, పోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. బయటకొచ్చాక పిల్లలు నన్ను ఓదార్చారు, నేను వాళ్ళని కాదు. ఒకమ్మాయి బ్యాగులోంచి దానిమ్మ తీసి వలిచి గింజలు నా చేతిలో పోసింది, మా అమ్మమ్మ వాళ్ళది హలబ్జా మామోస్తా, మా చెట్టువే, తిను అంది. హలబ్జా దానిమ్మలు ఈ ప్రాంతమంతా పేరున్నవి. చిన్న సంతోషాలు రాయమన్న నేనే ఇది రాస్తున్నానంటే, నాకు ఇక్కడి ఏ సంతోషమూ ఈ బాధకి దూరంగా కనపడలేదు, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

లక్ష్మి_హౌలేర్:
మాస్టారు రాసింది చదివాక ఇంకొకటి చెప్పాలనిపించింది. 2023లో స్లేమానీ వైపు గవర్నమెంట్ టీచర్లు జీతాలు రాక నెలల తరబడి బడులు మూసి కూర్చున్నారు, అందరికీ తెలుసు. మా స్కూల్ ప్రైవేట్, హౌలేర్‌లో, కానీ నా కొలీగ్ వాళ్ళాయన గవర్నమెంట్ టీచర్, జీతం ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ చలికాలంలోనే ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో కిరోసిన్ హీటర్ మీద కెటిల్ పెట్టి అందరికీ టీ పోసేది, ఇంటి నుంచి ఖర్జూరం కులీచా బిస్కెట్లు తెచ్చేది. కరెంట్ పోయి మువల్లిదా వచ్చేలోపు, అంటే వీధి జనరేటర్, ఆ రెండు నిమిషాల చీకట్లో హీటర్ మంట ఎర్రగా, అందరం దాని చుట్టూ చేతులు చాపి. ఇప్పుడు చాలా ఏరియాల్లో 24 గంటల కరెంట్ వచ్చేసింది, మంచిదే, పిల్లలు చదువుకోవచ్చు. నేను తలుపు ఫోన్ గొడవ పెట్టాను గానీ, ఆవిడ తలుపు కొడితే మాత్రం నేను ఎప్పుడైనా తీస్తా.

కొత్తగా_వెళ్తున్నా:
టికెట్లు బుక్ చేసేశాం. దుబాయ్ మీదుగా. చివరగా ప్రాక్టికల్ డౌట్లు, ప్రెషర్ కుక్కర్, చింతపండు, ఆవాలు తెచ్చుకోవాలా? ఏదైనా అవసరమైతే ఇండియన్ ఎంబసీ బాగ్దాద్ వెళ్ళాలా? వాళ్ళకి ఇవ్వటానికి ఇక్కడినుంచి ఏం పట్టుకెళ్తే బావుంటుంది?

లక్ష్మి_హౌలేర్:
కుక్కర్ తెచ్చుకోండి, గాస్కెట్లు రెండు ఎక్స్‌ట్రా. చింతపండు దొరుకుతుంది, కరివేపాకు మాత్రం కష్టం, ఎండబెట్టి తెచ్చుకోండి. ఆవాలు, ఇంగువ, కందిపప్పు ఇక్కడ ఇండియన్ షాపుల్లో ఉంటాయి గానీ ధర ఎక్కువ. బాగ్దాద్ అక్కర్లేదు, 2016 నుంచి హౌలేర్‌లోనే మన కాన్సులేట్ ఉంది, వచ్చిన వెంటనే రిజిస్టర్ చేసుకోండి. రెసిడెన్సీకి బ్లడ్ టెస్ట్ ఉంటుంది, స్కూల్ వాళ్ళే తీసుకెళ్తారు. వచ్చాక నాకు మెసేజ్ పెట్టండి, మొదటి వారం భోజనం మా ఇంట్లోనే, మీ ఆవిడకి వంట పని వద్దు.

జగిత్యాల_అన్న:
ఇవ్వనీకి గాజులు తీస్కపో తమ్మీ, హైదరాబాద్ లాడ్ బజార్‌వి. మా వంటాయన బిడ్డకి పంపిన, వాళ్ళ వాడ మొత్తం అడిగిండ్రు.

వేణి_దుహోక్:
గాజులు అయితే అన్ని సైజులూ తీసుకెళ్ళండి, వాళ్ళింట్లో ఎంతమంది ఆడపిల్లలు ఉంటారో ముందు తెలీదు. పూతరేకులు కూడా పెట్టండి, నేను తీసుకెళ్తే స్టాఫ్‌రూమ్‌లో కాగితం అనుకుని విప్పటం మొదలుపెట్టారు, తర్వాత డబ్బా నాకు దక్కలేదు.